ఎయిర్ కండిషనర్ సెన్సర్ లోపం: గుర్తించే విధానం, సరిచేయించుకొనే మార్గం

చెన్నై ఎండకాలంలో నడిమి భాగాన్ని ఇక్కడివారు కత్తిరి వెయ్యిల్ అంటారు. మన పంచాంగాలు డొల్లు కర్తరి, నిజ కర్తరి అని చెప్పేదీ ఆ కాలాన్నే. కర్తరి వెళ్ళినంత మాత్రాన వేడి తగ్గిపోదు. 2003 మే 31న నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 45 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. దానికి సముద్రపు తేమ తోడైతే చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అందువల్ల వృద్ధులు, పసిపిల్లలు, గుండె జబ్బు గలవారు ఉన్న ఇంట్లో ఏ.సి. నిలిచిపోవడం కేవలం సౌఖ్యానికి సంబంధించిన విషయం కాదు.

ఏ.సి. చల్లబరచనప్పుడు చాలామంది వినే మొదటి మాట "గ్యాస్ అయిపోయింది" అన్నది. కొన్నిసార్లు అది నిజమే. కాని లోపం గ్యాస్‌లో కాక, మినపగింజంత పరిమాణంలో ఉండే సెన్సర్‌లో ఉండే సందర్భాలూ ఉన్నాయి. గ్యాస్ నింపించడానికి వేల రూపాయలవుతాయి. సెన్సర్ మార్చడానికి సాధారణంగా కొన్ని వందలతో సరిపోతుంది. రోగమొకటి, మందొకటి కాకుండా చూచుకోవడమే ఈ పాఠం ఉద్దేశం. దీనిని చదివి ఎవరికివారు ఏ.సి. విప్పుకోవాలని కాదు, లోపం ఎక్కడున్నదో ఊహించగలిగి, మెకానిక్కును సరైన ప్రశ్న అడగగలగాలని.

1. సెన్సర్ చేసే పని

స్ప్లిట్ ఏ.సి.లో సెన్సర్‌గా వాడేది థర్మిస్టర్ అనే చిన్న విద్యుత్ భాగం. వేడి పెరిగితే దీని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. చల్లబడితే నిరోధం పెరుగుతుంది. రాగి వంటి లోహాలలో జరిగేదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. వెండి సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. ఏ.సి. లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుకు వేడి, చలి తెలియవు. థర్మిస్టర్ నిరోధాన్ని కొలిచి, దానినిబట్టి ఉష్ణోగ్రత ఇంత అని లెక్క కట్టుకొంటుంది. ఆ లెక్క మీదనే కంప్రెసర్‌ను నడపాలా, ఆపాలా అన్నది నిర్ణయిస్తుంది. కాబట్టి సెన్సర్ తప్పు చెబితే బోర్డు తప్పు చేస్తుంది; కంప్రెసర్, గ్యాస్, ఫ్యాన్ అన్నీ నిక్షేపంగా ఉన్నా గది చల్లబడదు.

ఇంట్లోని యూనిట్‌లో ముఖ్యంగా రెండు సెన్సర్లు ఉంటాయి. మొదటిది గది సెన్సర్. ఇది ఫిల్టర్ వెనుక, కాయిల్ రెక్కల ముందు, చిన్న ప్లాస్టిక్ క్లిప్పుకు తగిలించి ఉంటుంది. లోపలికి పోయే గది గాలి వేడిని కొలుస్తుంది. రెండవది కాయిల్ సెన్సర్. లోహపు తొడుగు గల ఈ సెన్సర్‌ను కాయిల్ గొట్టానికి అతికించిన చిన్న గూటిలో దూర్చి ఉంచుతారు. కాయిల్ మంచు కట్టేంతగా చల్లబడకుండా ఇది కాపలా కాస్తుంది. ఇన్వర్టర్ ఏ.సి. అయితే బయటి యూనిట్‌లో కూడ బయటి గాలికి, కాయిల్‌కు, కంప్రెసర్ నుండి వెలువడే వేడి గొట్టానికి వేరువేరు సెన్సర్లు ఉంటాయి. పాత విండో ఏ.సి.లలో చాలావాటికి ఎలక్ట్రానిక్ సెన్సర్ కాక, సన్నని గొట్టంతో కూడిన థర్మోస్టాట్ ఉంటుంది. ఈ పాఠం వాటికి వర్తించదు.

2. లోపం మూడు విధాలు

మొదటిది తెగిపోవడం. తీగ తెగినా, పిన్ ఊడినా నిరోధం అనంతమవుతుంది. బోర్డు దృష్టికి అది ఊహకందని చలి. రెండవది షార్ట్ కావడం. రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే నిరోధం సున్నాకు దిగుతుంది. బోర్డు దృష్టికి అది ఊహకందని వేడి. ఈ రెండూ అసంభవమని బోర్డుకు తెలుసు గనుక ఏ.సి.ని ఆపి, డిస్‌ప్లే మీద ఎర్రర్ కోడ్ చూపుతుంది, లేదా దీపాన్ని ఒక లెక్క ప్రకారం మినుకు మినుకుమనిపిస్తుంది.

మూడవది విలువ తప్పిపోవడం. ఇందులో ఏ కోడూ రాదు. అందుకే మోసపోవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. ఉదాహరణకు 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్‌లు చూపే సెన్సర్‌ను తీసుకొందాం. గదిలో 27 డిగ్రీలున్నప్పుడు దాని నిరోధం సుమారు 9.2 కిలో ఓమ్‌లు ఉండాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి పిన్‌ను తుప్పు పట్టించి, అక్కడ మరొక 2 కిలో ఓమ్‌లు చేర్చాయనుకొందాం. బోర్డుకు అందేది 11.2 కిలో ఓమ్‌లు. దాని లెక్కలో గది 22.5 డిగ్రీలకు చల్లబడిపోయినట్లే. మీరు రిమోట్‌లో 24 పెట్టి ఉంటే, పని పూర్తయిందని కంప్రెసర్‌ను ఆపేస్తుంది. మీరు మాత్రం 27 డిగ్రీల గదిలో విసనకర్ర వెతుక్కొంటూ ఉంటారు.

దీనికి విపర్యయంగా, సెన్సర్ లోపలికి తేమ దిగి నిరోధం తగ్గితే గది ఇంకా వేడిగా ఉన్నదని బోర్డు భ్రమపడుతుంది. కంప్రెసర్ ఆగదు. గది వణికించేంత చల్లబడుతుంది, బిల్లు పెరుగుతుంది. ఆంధ్ర, తెలంగాణల నుండి కొత్తగా వచ్చినవారు ఇక్కడొక సంగతి గమనించాలి. అక్కడ ఇంటి కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. తమిళనాడులో రెండు నెలలకొకసారి వస్తుంది. అందువల్ల సెన్సర్ చేసిన తప్పు బిల్లులో బయటపడేసరికి రెండు నెలలు గడిచిపోవచ్చు. వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర కూడ పై శ్రేణికి చేరుతుంది.

కాయిల్ సెన్సర్ లోపం మరొక రకంగా కనబడుతుంది. అది ఉన్నదానికంటె చలిని ఎక్కువగా చూపితే, మంచు కడుతున్నదని బోర్డు భయపడి కంప్రెసర్‌ను మాటిమాటికీ ఆపుతుంది. ఉన్నదానికంటె వేడిని చూపితే కాపలా తప్పి, కాయిల్ మీద నిజంగానే మంచు గడ్డ కడుతుంది. అది కరిగినప్పుడు నీరు గోడ వెంట కారుతుంది.

3. గ్యాస్ లోపమా, సెన్సర్ లోపమా

ముందుగా ఒక మాట గుర్తుంచుకోవాలి. ఏ.సి.లోని గ్యాస్ వంటగ్యాస్ వలె ఖర్చయిపోయేది కాదు. మూసివేసిన గొట్టాలలో తిరిగిన గ్యాసే తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటు కనిపెట్టి పూడ్చకుండా గ్యాస్ నింపడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

మరొక చిక్కు కూడ ఉన్నది. కొన్ని మోడళ్ళలో కంప్రెసర్ మొదలైన కొన్ని నిమిషాలలో కాయిల్ తగినంతగా చల్లబడకపోతే, గ్యాస్ తక్కువగా ఉన్నదని బోర్డు తానుగా కోడ్ చూపుతుంది. సర్వీసు చేసేటప్పుడు కాయిల్ సెన్సర్‌ను గూటిలో తిరిగి పెట్టక గాలిలో వేలాడనిచ్చారనుకోండి. కాయిల్ మంచులా చల్లగా ఉన్నా సెన్సర్ గది గాలినే కొలుస్తుంది. బోర్డు గ్యాస్ లేదంటుంది. ఇటీవలే సర్వీసు జరిగిన ఏ.సి.లో ఇటువంటి కోడ్ వస్తే, గ్యాస్ సంగతి ఎత్తే ముందు సెన్సర్ తన గూటిలో ఉన్నదో లేదో చూడమని అడగాలి.

4. ఇంటివారు చేయదగిన పరీక్షలు

వీటిలో దేనికీ స్క్రూడ్రైవర్ అవసరం లేదు. వరుస తప్పకుండా చేయండి.

మొదటి మెట్టు: రిమోట్ చూడండి. అది కూల్ మోడ్‌లో ఉండాలి. డ్రై, ఫ్యాన్ మోడ్‌లలో ఉండరాదు. 2020 జనవరి 1 నుండి స్టార్ లేబుల్ గల గది ఏ.సి.లన్నీ 24 డిగ్రీలతో మొదలయ్యేటట్లు తయారు కావాలని నిబంధన ఉన్నది. అందుచేత వేసిన వెంటనే 24 కనబడితే అది లోపం కాదు. కొన్ని రిమోట్‌లలోనే ఒక సెన్సర్ ఉండి, ఒక మీట నొక్కితే గది సెన్సర్‌కు బదులు అదే పని చేస్తుంది. అటువంటి రిమోట్ టీవీ వెనుకనో, కిటికీ ఎండలోనో పడి ఉంటే ఏ.సి. దారి తప్పుతుంది. ఆ మీటను ఆపి చూడండి. రిమోట్‌లో కొత్త బ్యాటరీలు వేయండి.

రెండవ మెట్టు: కోడ్ కనబడితే ఫోన్‌తో ఫోటో తీసుకోండి. దీపం మినుకుమంటూ ఉంటే ఎన్నిసార్లో లెక్కపెట్టి రాసుకోండి. కోడ్‌ల అర్థం కంపెనీకొక రకంగా ఉంటుంది. ఒక కంపెనీలో గది సెన్సర్‌ను సూచించే కోడ్ మరొక కంపెనీలో వేరొక లోపాన్ని సూచించవచ్చు. కనుక మీ మోడల్‌తో వచ్చిన పుస్తకంలోనే చూడాలి.

మూడవ మెట్టు: ఏ.సి.ని రిమోట్‌తో ఆపి, ఆ తరువాత ఎం.సి.బి. కూడ ఆపి, పది నిమిషాలాగి మరల వేయండి. వేసిన తరువాత కంప్రెసర్ మొదలు కావడానికి మూడు నిమిషాల దాకా పట్టవచ్చు, అది సహజమే. కోడ్ వెంటనే తిరిగి వస్తే సెన్సర్ తెగిపోవడమో, షార్ట్ కావడమో జరిగి ఉండవచ్చు. చాలాసేపటికి వస్తే పిన్ వదులై ఉండవచ్చు, లేదా లోపం వేరొక చోట ఉండవచ్చు.

నాలుగవ మెట్టు: ఫిల్టర్ తీసి నీటితో కడిగి, నీడలో ఆరబెట్టి మరల అమర్చండి. దుమ్ము పట్టిన ఫిల్టర్ సెన్సర్ లోపాన్నీ, గ్యాస్ లోపాన్నీ రెండింటినీ పోలిన లక్షణాలు చూపుతుంది. బయటి యూనిట్ ముందు బట్టలు ఆరవేసి ఉంటే తీసివేయండి.

ఐదవ మెట్టు: ఒక మామూలు థర్మామీటర్‌తో కొలవండి. గది ఉష్ణోగ్రత చూపేది కావాలి. జ్వరం చూచేది పనికిరాదు. ఏ.సి.ని అరగంట నడిపి, కంప్రెసర్ నడుస్తుండగా, లోపలికి గాలి పోయే పై భాగంలో ఒకసారి, చల్లగాలి వచ్చే చోట ఒకసారి కొలవండి. రెండింటి నడుమ తేడా సుమారు 8 నుండి 12 డిగ్రీలుంటే చల్లబరిచే శక్తి బాగున్నట్లే. తేమ చాలా ఎక్కువగా ఉన్న రోజున తేడా కొంత తగ్గవచ్చు.

ఈ కొలతను ఇట్లా అర్థం చేసుకోవాలి. తేడా బాగానే ఉన్నది. కాని గది అనుకొన్నంత చల్లబడకముందే కంప్రెసర్ ఆగిపోతున్నది. అప్పుడు అనుమానం సెన్సర్ మీదికి పోవాలి. తేడా మూడు నాలుగు డిగ్రీలకు మించడం లేదు. కంప్రెసర్ మాత్రం ఆగకుండా నడుస్తున్నది. అప్పుడు గ్యాస్, కాయిల్, కంప్రెసర్‌ల మీదికి పోవాలి. ఇన్వర్టర్ ఏ.సి.లలో కంప్రెసర్ పూర్తిగా ఆగక వేగం తగ్గించుకొంటుంది. బయటి యూనిట్ శబ్దం మందగించడమే అక్కడ గుర్తు.

5. మెకానిక్కు చేయవలసిన పరీక్ష

మూత తీయడం, పిన్ లాగడం శిక్షణ పొందినవారి పని. అయినా పక్కన నిలబడి చూచేవారికి పద్ధతి తెలిసి ఉండడం మంచిది. మొదట ఎం.సి.బి. ఆపాలి. సెన్సర్ పిన్‌ను బోర్డు నుండి ఊడదీయాలి; పిన్ మీద పచ్చని లేక తెల్లని తుప్పు ఉన్నదేమో చూడాలి. తరువాత మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి కొలవాలి. సెన్సర్ కొనను రెండు వేళ్ళతో పట్టుకొంటే విలువ మెల్లగా తగ్గాలి. గంతులు వేస్తున్నా, కదలకుండా ఉన్నా సెన్సర్ చెడినట్లే. మంచు ముక్కలు వేసిన నీటిలో పలుచని ప్లాస్టిక్ సంచి తొడిగిన కొనను ముంచితే 0 డిగ్రీల విలువ దొరుకుతుంది.

25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్‌లు ఉండే సాధారణ సెన్సర్‌కు సుమారు విలువలు ఇవి:

0 డిగ్రీలు: 32 నుండి 34 కిలో ఓమ్‌లు
25 డిగ్రీలు: 10 కిలో ఓమ్‌లు
30 డిగ్రీలు: 8 కిలో ఓమ్‌లు
40 డిగ్రీలు: 5.3 కిలో ఓమ్‌లు

అన్ని కంపెనీలూ 10 కిలో ఓమ్‌లదే వాడవు. 5, 15, 20, 50 కిలో ఓమ్‌లవి కూడ ఉన్నాయి. అందువల్ల మార్చేటప్పుడు ఆ మోడల్‌కు చెప్పిన విలువ గలదానినే వేయాలి. 10 ఉండవలసిన చోట 5 కిలో ఓమ్‌లది వేస్తే, గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు బోర్డుకు 41 డిగ్రీలకు పైగా ఉన్నట్లు తోస్తుంది. కంప్రెసర్ ఇక ఆగదు. మార్చిన తరువాత అరగంట నడిపి, ఐదవ మెట్టులోని కొలతలు మరల తీసి చూచుకోవాలి.

6. చేయకూడనివి

సెన్సర్ దొరకలేదని దాని స్థానంలో మామూలు రెసిస్టర్ అతికించడానికి ఒప్పుకోవద్దు. గది ఎంత చల్లబడినా బోర్డుకు ఒకే అంకె కనబడుతుంది. బయటి యూనిట్‌లోని వేడి గొట్టం సెన్సర్‌కు ఈ పని చేస్తే కంప్రెసర్‌కు రక్షణే ఉండదు.

బయటి యూనిట్‌ను ఇంటివారు విప్పరాదు. అక్కడ 230 వోల్టుల కరెంటు ఉంటుంది. కరెంటు ఆపిన తరువాత కూడ లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆర్-32 గ్యాస్ ఉన్న ఏ.సి.ల దగ్గర నిప్పు పనికిరాదు. ఆ గ్యాస్‌కు కొద్దిగా మండే స్వభావం ఉన్నది. అక్టోబరు నుండి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య ఋతుపవనాల వానలలో, 2015లోను, 2023 డిసెంబరు తుపానులోను జరిగినట్లు, బయటి యూనిట్ నీట మునిగితే, ఆరినట్లు కనబడినా మెకానిక్కు పరీక్షించనిదే స్విచ్ వేయవద్దు.

7. మెకానిక్కుతో నాలుగు తమిళ మాటలు

చెన్నైలో పని చేసే మెకానిక్కులలో తెలుగు తెలిసినవారూ ఉంటారు. కాని అందరూ ఉండరు. ఈ చిన్న వాక్యాలు పనికివస్తాయి.

"కూలింగ్ వరలె" అంటే చల్లగాలి రావడం లేదని.
"ముదల్‌ల సెన్సర్ పారుంగ" అంటే ముందు సెన్సర్ చూడండని.
"మీటర్ వెచ్చు కాట్టుంగ" అంటే మీటర్ పెట్టి చూపండని.
"గ్యాస్ ఎంగ లీక్ ఆగుదు?" అంటే గ్యాస్ ఎక్కడ కారుతున్నదని.
"పళైయ పార్ట్ కుడుంగ, బిల్ వేణుం" అంటే పాత భాగం ఇవ్వండి, బిల్లు కావాలని.

ఈ మాటలను తగవులా కాక మర్యాదగా అడగాలి. పని తెలిసిన మెకానిక్కు వీటికి నొచ్చుకోడు. మీటర్ పెట్టి చూపడం అతనికీ గౌరవమే.

8. బిల్లు, అద్దె ఒప్పందం, ఫిర్యాదు

మార్చిన భాగం పేరు, ధర, కూలి, తేదీ బిల్లులో విడివిడిగా ఉండాలి. వారంటీలో ఉన్న ఏ.సి.ని బయటివారిచేత విప్పించే ముందు వారంటీ కాగితం చదవండి. అద్దె ఇంట్లో ఏ.సి. యజమానిదైతే, మరమ్మతు ఎవరి ఖర్చు అన్నది అద్దె ఒప్పందంలోనే రాయించుకోండి. 2019లో అమలులోకి వచ్చిన తమిళనాడు అద్దె చట్టం ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి.

చేయని పనికి డబ్బు తీసుకొన్నా, చెడ్డ సేవ చేసినా మొదట ఆ సంస్థకే రాతమూలకంగా తెలపండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు కూడ వెళ్ళవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలకు మించకపోతే ఫీజు ఉండదు. కోడ్ ఫోటో, థర్మామీటర్ కొలతలు, పాత సెన్సర్, బిల్లు అప్పుడు మీకు సాక్ష్యాలవుతాయి.

9. మరమ్మతు అయ్యేదాకా

ఏ.సి. ఆగిన ఇంట్లో పెద్దలను, పసివారిని నేరుగా ఎండ తగలని గదిలోకి మార్చండి. పగలు పడమటి కిటికీలకు తెరలు వేయండి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తలుపులు తెరవండి. దాహం వేయకున్నా మజ్జిగ, నీళ్ళు ఇస్తూ ఉండండి. మాట తడబడినా, మనిషి స్పృహ తప్పుతున్నా, ఒళ్ళు విపరీతంగా కాలుతున్నా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి. మనవైపు అంబులెన్సుకు పిలిచే ఆ సంఖ్యే ఇక్కడా పని చేస్తుంది. వాహనం వచ్చేలోగా తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ గాలి విసరండి.

అభ్యాసం

ప్రశ్న 1: రిమోట్‌లో 24 ఉన్నది, గదిలో థర్మామీటర్ 28 చూపుతున్నది. కంప్రెసర్ నడిచినప్పుడు గాలి బాగా చల్లగా వస్తున్నది. కాని కాసేపటికే ఆగిపోతున్నది. కోడ్ లేదు. ఏమి అనుమానించాలి?
జవాబు: గది సెన్సర్ గాని, దాని పిన్ గాని నిరోధం పెరిగి ఉండవచ్చు. కాయిల్ సెన్సర్‌ను కూడ కొలిపించాలి. గ్యాస్ నింపవలసిన సూచన ఇక్కడ లేదు.

ప్రశ్న 2: వేయగానే కోడ్ వస్తున్నది, పది నిమిషాలాపి వేసినా అదే. మీటర్ పెడితే అనంతం చూపుతున్నది. ఏమి జరిగింది?
జవాబు: సెన్సర్ తీగ తెగింది. అదే విలువ గల కొత్త సెన్సర్ వేయించాలి.

ప్రశ్న 3: ఫిల్టర్ శుభ్రంగా ఉన్నది, ఫ్యాన్ బాగా తిరుగుతున్నది. సెన్సర్ల విలువలు సరిగానే ఉన్నాయి. కాయిల్ సెన్సర్ గూటిలోనే ఉన్నది. అయినా కాయిల్ ఒక పక్క మంచు కడుతున్నది; గాలి చల్లగా రావడం లేదు. ఏమి చేయాలి?
జవాబు: ఇప్పుడు గ్యాస్ తగ్గిందన్న మాట నమ్మదగినది. ముందు కారే చోటు కనిపెట్టించి, పూడ్పించి, ఆ తరువాతనే గ్యాస్ నింపించాలి.